కాలాపానీకి విహారయాత్ర

వీపున సంచి, చేత సెల్‌ఫోను, జేబున విమానపు టిక్కెట్టు: ఈ మూడున్న చాలును, "ప్రశాంత ద్వీపములకు" పోయివత్తమని మన నగరపు యువకులు బయలుదేరుచున్నారు. చార్మినారు చెంత చాయ్ దుకాణమున కూర్చున్నను "హేవ్‌లాక్‌లో స్కూబా చేసితిరా?" యను ప్రశ్న చెవిని బడుచున్నది. ప్రయాణమును మేము నిందింపము. గడప దాటనివానికంటె సముద్రము చూచి వచ్చినవాడు మేలు. మాకు గిట్టనిది ఆ "ప్రశాంత" మను విశేషణము. అండమాను ద్వీపములను గూర్చి హైదరాబాదువాడు పలుకదగిన మాట యది కాదు.

ఏల కాదందురా? 1857 జూలై 17వ తేదీన మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్‌ల నాయకత్వమున మన పురజనులును రొహిల్లాలును కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై బడిరి. అచట నిర్బంధింపబడిన జమేదారు చీదాఖానును విడిపింపవలెనన్నది వారి పట్టు. దివాను సాలార్‌జంగు ముందుగనే రెసిడెంటును హెచ్చరించి యుండెను. ఫిరంగుల యెదుట తిరుగుబాటు నిలువలేదు. తుర్రేబాజ్ ఖాన్ చెఱనుండి తప్పించుకొని 1859 జనవరిలో తూప్రాను వద్ద తుపాకిగుండుకు గూలెను. మౌల్వీకి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడెను. 1859లో ఆయనను అండమానుకు పంపిరి. ఆయన అచటనే మరణించెను. మక్కామసీదు నీడను మరల చూడలేదు.

ఆ శిక్షాస్థలము 1858 మార్చిలో రెండువందల ఖైదీలతో ఆరంభమైనది. నేడు యాత్రికులు బారులు తీర్చు సెల్యులరు జైలు 1906లో గాని పూర్తికాలేదు. కనుక మౌల్వీ తరము వారి కష్టము ఆ గదులలో గానరాదు. అడవి నఱికి, బురద త్రవ్వి, జ్వరములతో రాలిపోయినవారు వారు. లార్డు మేయోను పొడిచిన షేర్ అలీని 1872లో ఉరితీసిన వైపరు ద్వీపమునకు పడవలో పోవుటకు అట్టే సేపు పట్టదు. మన విహారులలో పెక్కుమందికి దానికే తీరిక దొరకదు.

మఱియొక చిత్రము చూడుడు. మనవారు మురిసి పలుకు హేవ్‌లాక్, నీల్ అను పేర్లెవరివి? 1857 సమరమును నెత్తుట ముంచిన ఆంగ్ల సేనానులవి. మన రెసిడెన్సీపై దాడి జరిగిన ఆ జూలై 17వ తేదీననే హేవ్‌లాక్ కాన్పూరున ప్రవేశించెను. నీల్ విగ్రహమును చెన్నపట్టణపు మౌంటురోడ్డునుండి తొలగింపవలెనని 1927లో యువకులు సత్యాగ్రహము సలిపి చెఱసాలలకు పోయిరి. 1937లో గాని అది కదలలేదు. ఈ ద్వీపములకు 2018లో స్వరాజ్ ద్వీపమనియు, షహీద్ ద్వీపమనియు పేర్లు మార్చినారు. ఆ మాటలు 1943లో నేతాజీ యిచ్చినవి. అయినను యాత్రలమ్ము కంపెనీల కరపత్రములలో హేవ్‌లాక్ దొరతనమే సాగుచున్నది. మౌల్వీ ఊరివారు మౌల్వీ చెఱకు పోయి, ఆయన శత్రువు పేర సెలవు గడిపి వచ్చుట కంటె వింత యేమున్నది?

"విందుకు పోవువానికి చరిత్రపాఠ మెందుల"కని కొందఱు నవ్వుదురు. సరే, చరిత్రను కట్టిపెట్టి నీటిలోనికే దిగుదము. స్కూబా సామాన్యమైన యాట కాదు. ప్రతి పదిమీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగును. ఊపిరి బిగబట్టి పైకి లేచినవాని ఊపిరితిత్తులు చిట్లవచ్చును. మునిగినవాడు కొన్ని గంటలు కడచినగాని విమాన మెక్కరాదు. అందుచేతనే కొన్నిదినముల అభ్యాసము చేసినవారికే పదునెనిమిది మీటర్ల వఱకు దిగుటకు అర్హత నొసగుదురు. మనవారు చేయునది అది కాదు. ఈతరాని వానిని శిక్షకుడు సిలిండరు పట్టి యీడ్చుకొనిపోయి, అరగంటలో ఫొటో తీసి గట్టున దించును. ఆ అరగంటలో తత్తరపడిన కాలు పగడపు కొమ్మకు తగిలెనా, విఱుగును. గుండ్రని పెద్ద పగడము ఏడాదికొక సెంటీమీటరు పెరుగుటయే గొప్ప. అది ఱాయి కాదు, జీవుల కాపురము. నీరు వేడెక్కినప్పుడు తమకు తిండి పెట్టు నాచును విడిచి అవి తెల్లబాఱును. 1998, 2010, 2016 సంవత్సరములలో అండమాను పగడములకు ఆ గతి పట్టినది. రోగిని చూడబోయి మంచమును తన్ని రావలెనా? ఇక ముక్కను విఱిచి జేబున వేసికొనువారికి న్యాయవాదిగ ఒక్కమాట: వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో పులితోబాటు పగడము గూడ నున్నది.

"యాత్రికులు లేకున్న ద్వీపవాసుల పొట్ట గడచుటెట్లు?" అని మఱికొందఱందురు. ఇది నవ్వి త్రోయదగిన ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కలో అచటి వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి పోయిన బెస్తలు జంగ్లీఘాటున మనబోటి సంసారులు. వారి చేపకు, వారి పడవకు, వారి ఇంటి భోజనమునకు డబ్బిచ్చువానిని మేము నెత్తిన బెట్టుకొందుము. పగడము చచ్చిన ఏట వారి వలకు చేప యుండదు, పడవకు యాత్రికుడును ఉండడు.

బారాటాంగు గుహలకు జారవాల అడవి మీదుగ పోవు దారిని మూయవలెనని సుప్రీంకోర్టు 2002లోనే ఉత్తరువు చేసెను. దారి మూతపడలేదు. తిండి ఆశజూపి జారవా స్త్రీలచే ఆడించిన చలనచిత్రము 2012లో ఇంగ్లండు పత్రిక బయటపెట్టగా మన దేశము తలవంచుకొనెను. గుహలు చూడనిచో ప్రాణము పోదు; ఆ దారిని పోకుడని మా వేడికోలు.

"ప్రభుత్వమే అడవులు నఱుకుచుండ మామీద కోపమేల?" అందురేమో. అక్కడికే వచ్చుచున్నాము. 2022లో గ్రేట్ నికోబారున ఓడరేవు, విమానాశ్రయము, క్రొత్త పట్టణముల కొఱకు దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవికి అనుమతి లభించినది. అది షొంపెనులు తిరుగాడు అడవి. రేవు రానున్న గలతియా అఖాతపు ఇసుకలో సముద్రపు తాబేళ్లలో కెల్ల పెద్దదైన తోలుతాబేలు గ్రుడ్లు పెట్టును. ద్వీపముల అందమును కన్నులార చూచి వచ్చితిమను వేలమంది యువకులారా, నీటిక్రింది మీ ఫొటోలు మేమును చూచినాము, బాగున్నవి. గలతియాను గూర్చి మీ పార్లమెంటు సభ్యునకు మీలో ఎందఱు ఉత్తరము వ్రాసినారు?