వంద ఎంబీపీఎస్ ఉన్నా వర్డ్‌కి నత్తనడక ఎందుకు?

ఇంట్లో వంద ఎంబీపీఎస్ ఫైబర్. యూట్యూబ్‌లో ఫోర్‌కే వీడియో ఎక్కడా ఆగదు. అదే ల్యాప్‌టాప్‌లో ఆఫీసు రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి వర్డ్‌లో ఓ అక్షరం కొట్టామా, అది తెర మీదకొచ్చేలోపు చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి పడిపోతుంది! మాదాపూర్ హాస్టళ్ల నుంచి నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్ల దాకా ఈ గోడు వినని వారం ఉండదు. దానికి మేనేజర్ల దగ్గర ఒకటే మందు: "నీ నెట్ బాలేదు, ప్లాన్ మార్చుకో." నిజంగా తప్పు మన నెట్‌దేనా? ఈ వారం అదే తేల్చుకుందాం.

ముందు ఓ సంగతి. ఆఫీసు సాఫ్ట్‌వేర్ నెట్ మీద మన దగ్గరికి రెండు రకాలుగా వస్తుంది.

మొదటి రకంలో సాఫ్ట్‌వేరే ముక్కలుగా వస్తుంది. సినిమా మొత్తం డౌన్‌లోడ్ కాకముందే చూడ్డం మొదలుపెడతాం కదా, అలాగన్నమాట. ఆఫీస్ 2010తో మైక్రోసాఫ్ట్ తెచ్చిన క్లిక్-టు-రన్ పద్ధతి ఇదే. దాని వెనకున్న యాప్-వీ టెక్నాలజీ, 2006లో సాఫ్ట్‌రిసిటీ అనే కంపెనీని కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది. తెరవడానికి కావాల్సిన ముక్కలు ముందొస్తాయి, మీరు టైప్ చేస్తుంటే మిగతావి వెనకాల దిగుతుంటాయి. ప్రోగ్రామ్ నడిచేది మీ కంప్యూటర్‌లోనే. ఒకసారి దిగాక నెట్‌తో పెద్దగా పని లేదు, అప్‌డేట్లకు తప్ప.

రెండో రకంలో సాఫ్ట్‌వేర్ మీ దగ్గరికి రానే రాదు. ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తుంది. మీకొచ్చేది తెర మీది బొమ్మ, అటు వెళ్లేది మీ కీబోర్డు నొక్కులు, మౌస్ కదలికలు. సిట్రిక్స్, అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్ లాంటివి ఈ బాపతు. బ్యాంకు, ఇన్సూరెన్స్ క్లయింట్లకు ఇదంటే ఇష్టం. ఎందుకంటే కస్టమర్ డేటా వాళ్ల గడప దాటదు.

ఇప్పుడు లెక్కలు. మొదటి రకంలో బరువంతా ఒక్కసారే పడుతుంది. ఒక ఆఫీసులో 500 మంది ఉన్నారనుకోండి. సోమవారం పొద్దున్నే ఒక్కొక్కరికి 2 జీబీ ప్యాకేజీ దిగాలి. మొత్తం 1000 జీబీ, అంటే 8000 గిగాబిట్లు. ఆఫీసు లైను 1 జీబీపీఎస్ అయితే, ఇంకే పనీ చేయకపోయినా 8000 సెకన్లు, రెండుంపావు గంటల దాకా పడుతుంది. ఆ టైంలో మీటింగ్ కాల్ పెడితే ఎవరి మొహం ఎవరికీ కనపడదు. అందుకే విండోస్ 10లో డెలివరీ ఆప్టిమైజేషన్ పెట్టారు. ఒక కంప్యూటర్‌లో దిగిన ముక్కల్ని పక్క కంప్యూటర్లు అందులోంచే తీసుకుంటాయి. ఒకరు బజారుకెళ్లి అపార్ట్‌మెంట్ అందరికీ కూరగాయలు తెచ్చినట్టు.

రెండో రకంలో బరువు రోజంతా ఉంటుంది, కానీ అనుకున్నంత కాదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అంచనాల ప్రకారం రిమోట్‌లో వర్డ్ వాడితే 100 నుంచి 150 కేబీపీఎస్, ఎక్సెల్‌కి 150 నుంచి 200 సరిపోతాయి. పవర్‌పాయింట్ మాత్రం 4 ఎంబీపీఎస్ పైనే లాగుతుంది, బొమ్మలు మారతాయి కాబట్టి. అంటే వర్డ్‌కి కావాల్సింది మీ వంద ఎంబీపీఎస్‌లో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. మరి నత్తనడక ఎందుకు?

అసలు దొంగ బ్యాండ్‌విడ్త్ కాదు బాస్, లేటెన్సీ! ఒకటి రోడ్డు వెడల్పు, ఇంకోటి ఊరి దూరం. గ్లాస్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సుమారు 13 వేల కిలోమీటర్లు. గీత గీసినట్టు కేబుల్ వేసినా రానూపోనూ 130 మిల్లీసెకన్లు. మనకి సముద్రం లేదు కాబట్టి డేటా ముంబైకో చెన్నైకో వెళ్లి సముద్రంలోకి దిగాలి. దారి ఇంకా పొడవవుతుంది. హాయిగా పనిచేయాలంటే ఈ రానూపోనూ టైం 150 లోపు ఉండాలని మైక్రోసాఫ్టే చెబుతోంది. సర్వర్ అమెరికాలో ఉంటే, మీరు 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు. సైబర్ టవర్స్ ముందు రోడ్డు పది లైన్లు చేసినంత మాత్రాన విజయవాడ దగ్గరికి జరగదు కదా!

2020 మార్చిలో ఈ రెండూ కలిసి మనల్ని పరీక్షించాయి. అప్పటిదాకా ఇంటి నుంచి పని అంటే ఓఎస్‌పీ నిబంధనల కింద కంపెనీలకు బోలెడు షరతులు. మార్చి 13న టెలికాం శాఖ వాటిని సడలించింది. పది రోజులు తిరిగేసరికి లాక్‌డౌన్. మైండ్‌స్పేస్ ఖాళీ, హాస్టళ్లు ఖాళీ. ఖమ్మం, కడప, శ్రీకాకుళం పల్లెల్లో డాబా మీద హాట్‌స్పాట్ పట్టుకుని లాగిన్లు. నెట్ మీద భారం చూసి మార్చి 24న స్ట్రీమింగ్ కంపెనీలు మొబైల్ నెట్‌వర్క్‌లో వీడియోను 480పీకి మించకుండా చూస్తామని ఒప్పుకున్నాయి. దేశమంతా సినిమా క్వాలిటీ తగ్గించుకుంది, ఆఫీసు ఫైలు కదలడానికి.

అప్పుడు మొదలైన అలవాటు ఒకటి ఇంకా పోలేదు. పని మెల్లగా జరిగితే నింద మాత్రం ఉద్యోగి మీదే. మా టీమ్‌లోనే ఓ జూనియర్ అమ్మాయి క్లయింట్ డెస్క్‌టాప్ స్లోగా ఉందని మూడు నెలలు మొత్తుకుంది. జీతంలోంచి రెండుసార్లు ప్లాన్ పెంచుకుంది. అప్రైజల్‌లో మాత్రం 'స్పీడ్ తక్కువ' అని రాశారు. తర్వాత తెలిసింది, ఆమె సెషన్ వేరే ఖండంలోని సర్వర్ మీద నడుస్తోందని. దగ్గరి రీజియన్‌కి మార్చగానే సమస్య పోయింది. కట్టిన డబ్బులు, పోయిన రేటింగ్ మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి గొడవ పడేముందు రుజువులు పోగేయండి. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. అజూర్ డెస్క్‌టాప్‌లో అయితే విండో పైనున్న సిగ్నల్ గుర్తు నొక్కండి, రౌండ్ ట్రిప్ టైం కనిపిస్తుంది. రోజుకు మూడుసార్లు, వారం పాటు రాసిపెట్టుకోండి. వైఫై కాకుండా లాన్ కేబుల్ పెట్టి ఒకసారి చూడండి. అప్పుడు తగ్గితే తప్పు ఇంట్లో ఉంది, రూటర్ జరపండి. తగ్గకపోతే ఐటీ టీమ్‌ని రెండే ప్రశ్నలు అడగండి: నా సెషన్ ఏ ఊరి డేటా సెంటర్‌లో ఉంది? వీపీఎన్ నా ట్రాఫిక్ మొత్తాన్నీ చుట్టు తిప్పుతోందా?

జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. అప్రైజల్ రోజు నోటి మాటకి విలువుండదు, మిల్లీసెకన్లకి ఉంటుంది.