సహాయ కోచ్ విలువ పాయింట్ల పట్టికలో దొరుకుతుందా?

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. పేరంతా ప్రధాన కోచ్ మనోలో మార్కెజ్‌కు దక్కింది. ఆయన సహాయకుడు తంగ్‌బోయ్ సింగ్టో గురించి మాట్లాడినవారు తక్కువ. రెండేళ్లు తిరిగాయి. 2023-24లో సింగ్టోయే ప్రధాన కోచ్. జట్టు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున మిగిలింది.

పట్టిక చూసి తీర్పు చెప్పడం తేలిక: సహాయకుడిగా సరే, సారథిగా పనికిరాడు. కానీ ఆ రెండు సీజన్ల మధ్య మారింది కోచ్ ఒక్కడే కాదు. క్లబ్ జీతాల బకాయిల్లో కూరుకుపోయింది. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లలో చాలామంది సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. చివరికి కుర్రాళ్లతో నెట్టుకురావాల్సి వచ్చింది. ఆ 8 పాయింట్లు కోచ్ తెలివికన్నా యజమాని ఖజానా గురించే ఎక్కువ చెబుతాయి.

ఇదే జాగ్రత్త గెలుపు విషయంలోనూ అవసరం. టైటిల్ గెలిచిన ఏడాది బార్తలోమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. అందులో సహాయ కోచ్ వాటా ఎంతో ఎవరు తేల్చగలరు?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లోనూ ఇదే చిక్కు. మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే ఆట అది. అక్కడ పెద్ద విశ్వవిద్యాలయాలు సహాయ కోచ్‌లకే ఏటా పది లక్షల డాలర్లకు పైగా చెల్లిస్తాయి. ఉత్తమ సహాయ కోచ్‌కు 1996 నుంచి బ్రాయిల్స్ అవార్డు ఇస్తున్నారు. 2019లో దాన్ని అందుకున్న జో బ్రేడీ లూసియానా స్టేట్ జట్టులో పనిచేశాడు. ఆ జట్టు 15 మ్యాచ్‌లూ గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ జో బర్రో టచ్‌డౌన్ పాస్‌లు ఏడాదిలో 16 నుంచి 60కి చేరాయి. ఆ ఘనతతో బ్రేడీ ప్రొఫెషనల్ లీగ్‌లోని కరోలినా జట్టుకు వెళ్లాడు. రెండో సీజన్ ముగియకముందే ఉద్యోగం పోయింది. ఆయన చదువు మారలేదు, చేతికింది ఆటగాళ్లు మారారు.

అలాగని కొలవడమే అసాధ్యం అనుకోనక్కర్లేదు. చూడాల్సింది మ్యాచ్ ఫలితాన్ని కాదు, ఆయనకు అప్పగించిన ఆటగాళ్లను. 2019-20లో పదో స్థానంలో, అంటే ఆఖరున నిలిచిన హైదరాబాద్ తర్వాతి ఏడాదే ఐదో స్థానానికి ఎదిగింది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులు ఆ కాలంలోనే రాటుదేలారు. తర్వాత ముగ్గురినీ పెద్ద క్లబ్బులు తీసుకున్నాయి. ఇది కోచింగ్ బృందం మొత్తం పని. అందులో ఎవరికి ఏ బాధ్యత ఇచ్చారో ముందే రాసిపెట్టుకున్న క్లబ్బుకే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది.

మన కాలేజీల్లో చాలాచోట్ల కబడ్డీ నుంచి ఫుట్‌బాల్ దాకా అన్నీ ఒకే ఫిజికల్ డైరెక్టర్ చూసుకోవాలి. సహాయ కోచ్ దొరకడమే అదృష్టం. దొరికితే కప్పు వచ్చిందా లేదా అని అడిగి మరుసటి ఏడు కొనసాగించడమో పంపేయడమో చేస్తాం. అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఈ కుర్రాడు జూన్‌లో చేయలేనిది ఫిబ్రవరిలో చేయగలుగుతున్నాడా? కొత్త బ్యాచ్ వచ్చినా అదే మార్పు కనిపిస్తోందా? గాయాలు తగ్గాయా? వీటికి కావాల్సింది ఒక నోటుపుస్తకం, రాసే ఓపిక.

1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు అందించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదీ. అదే నగరం నుంచి 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్బులు రావచ్చు, పోవచ్చు. పిల్లలకు ఆట నేర్పిన మనిషిని ఒక్క పట్టిక చూసి పంపేస్తే మాత్రం, తర్వాత వచ్చేవాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.