ఫోన్ ఇచ్చింది నేనే

మొన్న శివరాత్రికి పట్టిసీమ వెళ్లాను. వీరభద్రస్వామి గుడికి వెళ్దామని పడవ దిగి ఇసుకలో నడుస్తుంటే, అయిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు సగం దారిలోనే కూలబడ్డాడు. "ఇంకా ఎంత దూరం మావయ్యా?" అని మూలుగు. ఈ వయసులో మేం ఈ ఇసుకలోనే పొద్దుగూకేదాకా క్రికెట్ ఆడేవాళ్లం. విసుక్కున్నాను. ఇంటికొచ్చాక అమ్మ అంది, "వాణ్ణెందుకురా అంటావు? ఫోన్ అలవాటు చేసింది నువ్వేగా!"

నిజమే. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే ల్యాప్‌టాప్ పట్టుకుని హైదరాబాద్ నుంచి ఊరొచ్చేశాను. బళ్లు మూసేశారు. వీధిలోకి వెళ్తే పోలీసులు, వెళ్లకపోతే ఇంట్లో వీడి గోల. నేను మీటింగ్‌లో ఉండగా బ్యాట్ పట్టుకుని గదిలోకి వచ్చేవాడు. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు నా పాత ఫోన్ చేతిలో పెట్టాను. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఎంత హాయిగా అనిపించిందో!

ఒక కార్టూన్ అవగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యేది. దానంతటదే అంటున్నాను గానీ, అలా మొదలయ్యేలా కోడ్ రాసేది నాలాంటి ఇంజినీర్లే. చూసేవాడు లేవకపోతే అక్కడ పని బాగా జరిగినట్టు లెక్క. ఆ సంగతి తెలిసి కూడా ఇచ్చాను.

తర్వాత పాఠాలూ ఫోన్‌లోకే వచ్చాయి. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకి రోజుకి 30 - 45 నిమిషాల క్లాసులు రెండు మించకూడదని 2020 జులైలో కేంద్రం చెప్పింది. క్లాసు అయ్యాక ఫోన్ వెనక్కి తీసుకోవడం మాత్రం మా ఇంట్లో ఎవరి వల్లా కాలేదు. మన రాష్ట్రంలో చిన్న తరగతులు తెరిచింది 2021 ఫిబ్రవరిలో. ఏప్రిల్‌లో మళ్లీ మూత, ఆగస్టు 16న మళ్లీ తెరవడం.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. రకరకాల దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధనలు 2022లో రెండొచ్చాయి. పిల్లల శారీరక శ్రమ 20 శాతం తగ్గిందని ఒకటి, స్క్రీన్ ముందు గడిపే సమయం రోజుకి 84 నిమిషాలు పెరిగిందని ఇంకోటి తేల్చాయి.

ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. మా చిన్నప్పుడు ఎవరూ 'వ్యాయామం' చేయలేదు. బడికి నడక, ఇంటర్వెల్‌లో పరుగు, సాయంత్రం గట్టు మీద ఆట, అంతా రోజులోనే కలిసిపోయి ఉండేది. బడి మూతపడితే అవన్నీ ఒకేసారి పోయాయి. ఆ ఖాళీలో ఫోన్ కూర్చుంది. ఇప్పుడు ఫోన్ ఒక్కటీ లాక్కుంటే ఖాళీ ఖాళీగానే ఉంటుంది. అందులో మళ్లీ ఆట పెట్టాలి. అది పెద్దవాళ్ల పని.

మర్నాడు పొద్దున్నే వాణ్ణి తీసుకుని ఇసుకలోకి వెళ్లాను. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల కదలిక ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పావుగంట బౌలింగ్ చేసేసరికి నాకే ఆయాసం వచ్చింది. "ఏంటి మావయ్యా, అప్పుడేనా!" అని వాడు నవ్వాడు.

నేను హైదరాబాద్ వచ్చేశాక మూడు రోజులు వెళ్లాడట, నాలుగో రోజు మానేశాడట. అక్క ఫోన్‌లో చెప్పింది. "నువ్వు బావని పంపించు, వాడొక్కడే ఏం ఆడతాడు?" అన్నాను. ఆదివారం ఇద్దరూ వెళ్లారు. వచ్చే ఆదివారం నేనూ వెళ్తున్నాను.