విందు మిగులు వీధి పాలు కారాదు

పండగ ఎంత ఘనంగా జరిగిందో మర్నాటి ఉదయం కాలువ గట్లు చెబుతాయి. సంక్రాంతి కానీ, సింగరకొండ ప్రసన్నాంజనేయస్వామి తిరునాళ్లు కానీ, మాఘమాసపు పెళ్లిళ్లు కానీ, ముగిసిన తెల్లవారి అద్దంకిలోను, చుట్టుపక్కల పల్లెల్లోను మురుగు కాలువల పక్కన అన్నం కుప్పలు, సాంబారులో కలిసిపోయిన పులిహోర, పులిసిన పప్పు, వాటి మధ్య ప్లాస్టిక్ గ్లాసులు కనిపించడం మామూలైపోయింది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని చెప్పుకునే వారికి ఇది తగని పని అని వేరే చెప్పనక్కరలేదు. అయితే శోచనీయం అని ఒక మాట అనేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఇంత ఎందుకు మిగులుతున్నది, మిగిలినది ఏం కావాలి అనే రెండు ప్రశ్నలకు ఊరివారే జవాబు చెప్పుకోవలసి వున్నది.

ఇళ్లలో పండగ మిగులు పెద్ద సమస్య కాదు. ఏ వంటకం ఎన్నాళ్లు ఆగుతుందో మన ఆడవారికి బాగా తెలుసు. బెల్లం పాకంతో చేసి నూనెలో కాల్చి, నూనె పిండేసిన అరిసెలు డబ్బాలో పక్షం రోజులైనా నిలుస్తాయి. కనుమ నాటి మినప గారెలు గట్టిపడితే తాలింపు పెట్టిన పెరుగులో పడతాయి. చింతపండు పులుపు, ఉప్పు, నూనె వున్న పులిహోర ఉత్త అన్నం కంటే ఎక్కువసేపు ఆగుతుంది. పాలు పోసిన పరమాన్నం, ముద్దపప్పు, కొబ్బరి పచ్చడి మాత్రం ఆ పూటకు ఆ పూట తినవలసినవే.

ఇక అన్నం మిగిలితే రాత్రికి రాత్రి మంచినీళ్లు పోసి, చుక్క మజ్జిగ వేసి మూత పెడితే తెల్లవారేసరికి చద్దన్నం సిద్ధం. పెద్దల మాట చద్దిమూట అన్న సామెత ఊరికే పుట్టలేదు. రాత్రంతా నానిన అన్నంలో పెరుగును తోడుకునేలా చేసే జాతి సూక్ష్మజీవులే పెరిగి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు చెడు క్రిములను చాలావరకు అణచిపెడుతుంది. ఇంకా మిగిలితే మెత్తగా మెదిపి, ఉప్పు, జీలకర్ర, నూరిన పచ్చిమిర్చి కలిపి గుడ్డ మీద వడియాలు పెట్టుకోవచ్చు. కల్లాల్లో మిరపకాయలు ఎండబెట్టుకునే ఈ సీమలో వడియాలకు ఎండ కరువు లేదు.

అసలు చిక్కు వందల మందికి వండే విందులలోనే వున్నది. అయిదు వందల మందికి పిలుపులు పంపి ఎనిమిది వందల మందికి వంట చేయించడం పరువుగా భావిస్తున్నారు. విస్తట్లో తక్కువైందని ఒక్కరు అన్నా తలవంపులు అనే భయం ఇంటి యజమానిది. కొరత వస్తే మాట పడవలసి వస్తుందని వంట మేస్త్రీ మరో బస్తా విప్పుతాడు. పూర్వపు పంక్తి భోజనాలలో వడ్డించేవారు అడిగి వడ్డించేవారు, తినేవారు చేయి అడ్డుపెట్టేవారు. ఇప్పుడు నిలబడి తినే పద్ధతి వచ్చాక ఇరవై రకాలూ ఒకేసారి ప్లేటులో పెట్టుకుని సగం తిని పారేసేవారు ఎక్కువయ్యారు. 1960 దశకంలో ధాన్యం కొరత వచ్చినప్పుడు విందులలో అతిథుల సంఖ్య మీద ప్రభుత్వాలు ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. ఈనాడు ధాన్యం కొరత లేదు కనుక విందులకు అదుపూ లేదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో జరిగిన వృథాయే. మన దేశంలో ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోల చొప్పున పోతున్నదని అదే నివేదిక అంచనా వేసింది. కిలో ధాన్యం పండడానికి సుమారు 2,500 లీటర్ల నీరు కావాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. సాగర్ కుడికాలువ అద్దంకి బ్రాంచి కింద చివరి భూముల రైతుకు నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. నీళ్లు అందలేదని ఒక గట్టు మీద తగవులాడుతూ, అంత నీరు తాగి పండిన బియ్యాన్ని వండి మరో గట్టు మీద పారబోయడం విచిత్రం కాదా?

మిగిలినది పేదలకు పంపుతున్నాము కదా అని కొందరు అంటారు. పంపడం మంచిదే, కానీ ఎప్పుడు పంపుతున్నారన్నది ముఖ్యం. ఉదయం పది గంటలకు దించిన అన్నం మధ్యాహ్నం మూడింటిదాకా గంగాళంలోనే వుంటుంది. బంధువులను సాగనంపి, వంటవారి లెక్కలు తేల్చి, ఆటో మాట్లాడి కాలనీకి పంపేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. వండిన పదార్థాన్ని మామూలు వేడిలో రెండు గంటలకు మించి వుంచరాదని, వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా వుంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన ఆహార భద్రతా సూత్రాలలో చెప్పింది. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా వున్నప్పుడు అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం తిరిగి వేడి చేసినా పోదు. వాసన బాగానే వున్నదని నమ్మడానికి లేదు.

ఆ అన్నం తినేది ఎవరు? మిరప కోతలకు ఇతర ప్రాంతాల నుంచి వచ్చి చేల పక్కన గుడారాలు వేసుకున్న కూలి కుటుంబాలు, ఊరి చివరి గుడిసెల పిల్లలు. వారికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మర్నాటి కూలి పోతుంది, మందుల ఖర్చు మీద పడుతుంది. మన ఇంటి పిల్లలకు పెట్టడానికి వెనుకాడే అన్నాన్ని వారి పిల్లలకు పంపడం దానం అనిపించుకోదు.

పశువులకు వేస్తే సరిపోతుందనుకోవడం కూడా ప్రమాదమే. అలవాటు లేని గేదె ఒక్కసారిగా అన్నం కడుపునిండా తింటే అది త్వరగా పులిసి పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. నెమరు ఆగి, పశువు పడిపోయి, సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. విందు మిగులు కాలువ గట్టున పోసేవారు ఎదుటివాడి పాడిగేదెకు ముప్పు తెస్తున్నామని గ్రహించడం లేదు. అన్నంతోపాటు ప్లాస్టిక్ కూడా పశువుల కడుపులోకే పోతున్నది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించినా విందులలో అవి ఇంకా కనబడుతూనే వున్నాయి.

ఇందుకు మార్గాలు కష్టమైనవి కావు. మొదటిది, వంట రెండు వాయిలుగా చేయించాలి. సగం మంది తిన్నాక వచ్చినవారిని లెక్క చూసి రెండో వాయి బియ్యం పోయాలి. బియ్యం మిగిలితే బస్తాలో వుంటుంది, అన్నం మిగిలితే ఆగదు. రెండవది, విందు తలపెట్టినప్పుడే మిగులు బాధ్యత ఇంటివారిలో ఒకరికి అప్పగించాలి. చివరి పంక్తి కోసం ఎదురుచూడకుండా, ఒంటిగంటన్నరకే మిగిలేది అంచనా కట్టి, ఎవరి చేయీ పడని అన్నాన్ని వేడి తగ్గకముందే మూత పెట్టి పంపడం ఆయన పని. ఏ గుడారాలకు, ఏ వసతి గృహానికి పంపాలో ముందురోజే మాట్లాడి వుంచాలి. మూడవది, ఏ వంటకమో, ఎన్నింటికి దించారో చీటీ రాసి గిన్నెతో పంపాలి. మిగులు ఆహార పంపిణీపై కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో చేసిన నిబంధనలు కూడా వంట తేదీ వంటి వివరాలు తెలపాలని చెబుతున్నాయి. పాల వంటకాలు, మాంసం కూరలు వేళ మించితే ఎవరికీ పంపరాదు. నాలుగవది, ఇక తినడానికి పనికిరానిది ప్లాస్టిక్‌తో కలపకుండా గుంటలో వేసి మట్టి, ఆకు కప్పితే ఎరువవుతుంది. కల్యాణ మండపాల యజమానులు అలాంటి గుంట ఏర్పాటు చేసేలా పారిశుధ్య అధికారులు పట్టుబట్టవలసిన అవసరం ఎంతైనా వున్నది.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవారికి కూడా వండి వడ్డించి అన్నపూర్ణ అనిపించుకున్నారు. 1909లో ఆమె కన్నుమూసినా, 2024లో రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టుకున్నాము. ఆమె పెట్టినది ఆకలికి తగిన వేళలో, ఆదరంతో పెట్టిన అన్నం. ప్రోలయ వేమారెడ్డి రాజధానిగా, ఎఱ్ఱాప్రగడ వున్న ఊరుగా అద్దంకికి చరిత్రలో పేరున్నది. విందు ఎన్ని రకాలతో చేశారన్నది నాలుగు రోజుల్లో మరచిపోతారు. మర్నాటి ఉదయం కాలువ గట్టు శుభ్రంగా వుండడమే ఆ ఇంటికి నిజమైన పరువని పెద్దలు అనుకుంటే, రాబోయే పండగకే మార్పు కనబడుతుంది.