వీలునామా అమంగళం కాదు, గృహస్థధర్మం

బ్రతికుండగా వీలునామా వ్రాస్తే మృత్యువును పిలిచినట్లేనని జంకే పెద్దలు కోదాడ ప్రాంతంలోనూ ఉన్నారు. ఇది శాస్త్రవాక్యం కాదు, భయవాక్యం. దేహం అనిత్యమని నిత్యం పారాయణ చేసేవారు ఆ అనిత్యతను ఒక కాగితంపై అంగీకరించలేకపోతే, ఆ పారాయణకు ఫలమేమిటి?

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి గృహస్థాశ్రమాన్ని విడిచే ముందు మైత్రేయికీ కాత్యాయనికీ విత్తవిభాగం చేయ సంకల్పించాడు. అమృతత్వోపదేశం ఆ తరువాతనే. బ్రహ్మవేత్తకు అమంగళం కానిది సాగరు ఎడమ కాలువ క్రింద నాలుగెకరాలున్న గృహస్థుకు అమంగళమవుతుందా?

పుత్రులకు జన్మతః హక్కున్నదని మితాక్షర చెబుతుండగా వీలునామా దేనికని కొందరి ఆక్షేపణ. ఆ హక్కు పితృపితామహార్జితానికి సంబంధించినది. స్వార్జితంపై కర్తకు స్వాతంత్ర్యం ఉన్నది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను సైతం వీలునామా ద్వారా ఇవ్వవచ్చునని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం అనుమతించింది. వీలునామా లేకుండా పురుషుడు గతిస్తే తల్లి, భార్య, కుమారులు, కుమార్తెలు ఆ చట్టం ప్రకారం సమభాగులు. వైధవ్యం పొందిన కుమార్తె అవసరమూ, ఆలయ నిత్యదీపానికి నోటిమాటగా ఇచ్చిన అర ఎకరమూ చట్టానికి తెలియవు.

పిఠాపురం ప్రభువు గంగాధర రామారావు దత్తత స్వీకరించిన పిదప, 1885లో సూర్యారావు జన్మించాడు. కుటుంబస్థితి మారగా, సంస్థానం సూర్యారావుకు చెందేలా ప్రభువు వీలునామా వ్రాశాడు. దానిపై వ్యాజ్యం లండనులోని ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్ళింది. 1899లో ఆ వీలునామాయే నిలిచింది. వ్రాత లేకుంటే గతించిన తండ్రి మనస్సుకు సాక్ష్యమెక్కడిది?

ఒకసారి వ్రాసి పెట్టెలో దాచినంత మాత్రాన ధర్మం తీరదు. నిన్నటి తిథితో నేడు ఎవరూ సంకల్పం చెప్పరు. అటువంటప్పుడు అమ్మివేసిన పొలమూ, గతించిన సోదరుడూ ఉన్న ఇరవై ఏళ్ళనాటి వీలునామా నేటి స్థితికెలా సరిపోతుంది? వివాహం, జననం, మరణం, క్రయవిక్రయం జరిగినప్పుడెల్లా దానిని తిరిగి చూడాలి. బ్రతికినంతకాలం మార్చుకునే అధికారం వ్రాసినవారికే ఉన్నది. చివరగా వ్రాసినదే ప్రమాణం.

విధానమూ క్లిష్టం కాదు. స్వస్థచిత్తంతో సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి. ఆస్తి పొందేవారు సాక్షులు కాకుండా ఉండటం మేలు. స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, చేయిస్తే వివాదాలకు అవకాశం తగ్గుతుంది.

పంపకం తేలక కోర్టుకెక్కిన అన్నదమ్ములు తండ్రి ఆబ్దికానికి ఒక పంక్తిలో కూర్చోరు. పితృదేవతలకు ఇంతకన్న క్లేశమేమున్నది? సంతానానికి పొలంతో పాటు వ్యాజ్యాన్ని కూడా వారసత్వంగా ఇవ్వకుండుట గృహస్థుని చివరి కర్తవ్యం.