రసీదు ఉంది, ఫలితమేది?

రసీదు ఖర్చయిందని చెబుతుంది, ఫలితం దక్కిందని చెప్పదు. రక్షణ శాఖ లెక్కల్లో నేను నేర్చుకున్నదిదే.

ఫ్రాన్సు సంతల్లో కూరగాయల ధరతోబాటు అవి ఏ దేశానివో కూడా రాసి పెట్టాలన్నది నిబంధన. లియాన్‌లో సోన్ నది ఒడ్డు సంతకు నన్ను తీసుకెళ్లిన స్థానిక షెఫ్ ఆ పలకలన్నీ చదివి, ఖర్బూజా వాసన చూసి, బీన్సు విరిచి చూసి గానీ కొనలేదు. 'బయోడైనమిక్' ముద్ర ఉన్న క్యారెట్లకు మాత్రం మారుమాట లేకుండా ఎక్కువ ధర ఇచ్చారు!

1924లో రుడాల్ఫ్ స్టైనర్ ఉపన్యాసాలతో మొదలైన పద్ధతి ఇది. ఆవు కొమ్ములో పేడ కూరి, చలికాలమంతా పాతిపెట్టి, తీసి, కొద్దిగా నీళ్లలో వేసి గంటసేపు తిప్పి చల్లుతారు. విశ్వశక్తులు పంటలోకి దిగుతాయట! రసాయనాలు మానడం మామూలు సేంద్రియ రైతూ చేస్తాడు. అదనపు ధర కొమ్ముకే. కొమ్ము పాతారనడానికే ఆ ముద్ర సాక్ష్యం, అది పనిచేసిందనడానికి కాదు.

మన పంచగవ్య సీసాలకూ ఇదే ఆడిట్ వర్తిస్తుంది.