విమానం ఎందుకు కూలింది?

రేడియోతో నడిపే బొమ్మ విమానం మొదటిసారే చక్కగా ఎగిరి, చక్కగా దిగటం అరుదు. కొత్తవారి చేతిలో అది ముక్కుతో నేలను పొడుస్తుంది, లేదా తాటిచెట్టుకు తగులుకుంటుంది. అప్పుడు మామూలుగా వినబడే మాటలు రెండు. "నీకు చేతకాదులే" అన్నది ఒకటి, "డబ్బు దండగ" అన్నది రెండోది. రెండూ సరైన మాటలు కావని నా అభిప్రాయం. విమానం ఊరికే కూలదు. ప్రతి ప్రమాదానికీ కారణం ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవటమే ఈ ఆటలో అసలైన చదువు.

చిట్టమూరు ప్రాంతపు విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు. దక్షిణాన శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లను వారు చూస్తూనే ఉంటారు. అక్కడ 1979 ఆగస్టు 10న, అబ్దుల్ కలామ్ నాయకత్వాన తయారైన ఎస్.ఎల్.వి-3 రాకెట్టును మొదటిసారి ప్రయోగించారు. అది బయలుదేరిన 317 సెకన్లకు బంగాళాఖాతంలో పడిపోయింది. శాస్త్రజ్ఞులు దర్యాప్తు చేస్తే ఏం తేలింది? రెండో దశను అదుపుచేసే ఏర్పాటులో ఒక కవాటం మూసుకోలేదు. దానిగుండా ఆమ్లం కారిపోయి, రాకెట్టు అదుపు తప్పింది. కారణం తెలిసింది కనుకనే లోపాన్ని దిద్దగలిగారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది.

అంత పెద్ద రాకెట్టుకు పనికివచ్చిన పద్ధతి బొమ్మ విమానానికి పనికిరాదా? కూలిన తీరే చాలావరకు కారణాన్ని చెబుతుంది.

చేతినుంచి వదలగానే విమానం ఒక పక్కకు దొర్లి పడిందా? రెక్కల వెనుక అంచున కదిలే పలకలను, అంటే ఐలరాన్లను చూడండి. విమానం వెనుక నిలబడి, ట్రాన్స్‌మిటర్‌పై వాటిని నడిపే పుల్లను కుడికి జరపండి. కుడి పలక పైకి లేవాలి, ఎడమ పలక కిందికి దిగాలి. తలకిందులుగా జరిగితే, మీరు కుడికి తిప్పినప్పుడల్లా విమానం ఎడమకే ఒరుగుతుంది. ఆ దిశను సరిచేసే ఏర్పాటు ట్రాన్స్‌మిటర్‌లోనే ఉంటుంది.

ముక్కు పైకెత్తి, వేగం కోల్పోయి, కింద పడిందా? గరిమనాభి వెనక్కి జరిగి ఉండవచ్చు. నేర్చుకునేవారి విమానాలలో అది సాధారణంగా రెక్క ముందు అంచునుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉంటుంది. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లైతే, ముందు అంచునుంచి సుమారు 5 మొదలు 6.5 సెంటీమీటర్ల దూరమన్నమాట. ఆ చోట రెండు రెక్కల కిందా చెరొక వేలు పెట్టి విమానాన్ని లేపండి. తోక వాలిపోతే బ్యాటరీని కాస్త ముందుకు జరపండి.

మలుపు తిరిగాక పడిందా? గాలి సంగతి ఆలోచించండి. తీరప్రాంతంలో పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి బలపడుతుంది. ఆ గాలివాటున తిరిగిన విమానం మన కంటికి చాలా వేగంగా పోతున్నట్లు కనబడుతుంది. కొత్తవారు కంగారుపడి మోటారు వేగం తగ్గిస్తారు. కాని రెక్కలను పైకెత్తే బలం నేలతో పోల్చిన వేగంవల్ల రాదు, గాలితో పోల్చిన వేగంవల్ల వస్తుంది. అది మరీ తగ్గితే రెక్కలు మోయలేవు. నేలపట్టులో గూడబాతులు గాలికి ఎదురుగా నీటిమీద పరుగెత్తి లేవటాన్ని గమనించండి. మీ విమానాన్నీ గాలికి ఎదురుగానే వదలాలి, ఎదురుగానే దించాలి. నేర్చుకోవటానికి గాలి నెమ్మదిగా ఉండే తెల్లవారుజాము మేలు.

దూరం పోయాక మాట వినలేదా? అప్పుడు రేడియోను అనుమానించాలి. ఇప్పటి సెట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేస్తాయి. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు. ఇంత పొట్టి తరంగాలకు చెట్లు, గోడలు, లోహపు వస్తువులు సులభంగా అడ్డువస్తాయి. విమానంలోని ఏరియల్ తీగ తెగిందా, బ్యాటరీ కింద నలిగిందా అని చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం దాన్ని మళ్ళీ ఛార్జి చేయకండి. అది అంటుకునే ప్రమాదముంది.

ఇన్ని పరీక్షలలో ఒక నియమం మరువరాదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. బ్యాటరీ జరిపి, పలకలు మార్చి, ప్రొపెల్లర్ కూడా మార్చారనుకోండి. విమానం ఎగిరినా, దేనివల్ల ఎగిరిందో మీకు తెలియదు. గాలి దిశ, చేసిన మార్పు, జరిగిన ఫలితం ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నేలమీద పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయండి, లేకపోతే వేళ్ళు తెగుతాయి. పక్షులుండే చోట ఎగరేయకండి. శ్రీహరికోట వంటి కేంద్రాల పరిసరాలలో ఎగరేయటానికి ఆంక్షలుంటాయి. కనుక ముందుగా పెద్దలతో కలిసి ప్రభుత్వపు డిజిటల్ స్కై పటంలో మీ ఊరిని చూసుకోండి.

"స్థిరంగా నిలిపే జైరో ఉన్న విమానం కొంటే ఈ తంటాలెందుకు?" అని కొందరంటారు. జైరో మంచి సాధనమే. కాని దానినే తలకిందులుగా అమర్చితే విమానాన్ని మరింత త్వరగా పడగొడుతుంది. ఆ సంగతి కనిపెట్టటానికైనా కారణం వెతకటం రావాలి.

బడులకు నా సూచన ఒకటుంది. పోటీ పెడితే ఎక్కువసేపు ఎగరేసినవారికే బహుమతి ఇవ్వకండి. తన విమానం ఎందుకు కూలిందో రుజువుతో చెప్పి, దిద్ది, మళ్ళీ ఎగరేసినవారికీ ఇవ్వండి. అలా చేస్తే ఖరీదైన విమానం కొనలేని పిల్లలు కూడా, బడికి ఉన్న ఒక్క విమానంతోనే, గెలవగలుగుతారు.

2016 మే 23న రెక్కలున్న రాకెట్ వాహనాన్ని ఇస్రో శ్రీహరికోట నుంచి పరీక్షించింది. 2023 ఏప్రిల్ 2న అటువంటి వాహనాన్నే చిత్రదుర్గ వద్ద హెలికాప్టర్ నుంచి వదిలితే, పైలట్ లేకుండా తనంతట తానే రన్‌వేపై దిగింది. రేపు అటువంటి వాహనాలలో లోపాలు వెతికేవారు కావాలి. వారిలో చిట్టమూరు పిల్లలూ ఉండాలంటే, కూలిన బొమ్మ విమానాన్ని చూసి నవ్వటం మానేసి, "ఎందుకు కూలింది?" అని అడగటం ఇప్పటినుంచే అలవాటు కావాలి.